కింది వాడకు ఖాలా పంపిన నీళ్లు

నా చిన్నప్పుడు ఆదిలాబాద్‌లో మా వాడ మోరీ నీళ్లన్నీ పల్లానికి పారి, కింది వాడ బావి పక్కన మడుగు కట్టేవి. గిన్నెలు కడిగినవి, బట్టలు ఉతికినవి, అన్నీ అక్కడికే. గడప దాటాక ఆ నీళ్లతో మాకేం పని అనుకునేవాళ్లం.

ఒక వానాకాలం కింది వాడ పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. బడిలో నా పక్కన కూర్చునే నేస్తం కూడా మంచం పట్టింది. వాళ్ల పెద్దలు వచ్చి మోరీకి రాళ్లు అడ్డం పెట్టారు. తెల్లారేసరికి మురుగు ఎదురుతన్ని మా వాకిళ్లలోకి వచ్చింది. మా బాపు గడ్డపార పట్టుకుని రాళ్లు పీకడానికి బయల్దేరాడు.

పిల్లలమంతా ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచే పక్కింటావిడ ఆయనకు ఎదురొచ్చింది. "రాళ్లు తీస్తే నీళ్లు యాడికి పోతయి భాయ్? మల్ల గా పిల్లల కడుపులకే గదా. గడ్డపార ఎట్లాగు తెచ్చినవ్, గీడ గుంత తవ్వు" అంది. పుట్టింట్లో వాగు నీళ్లను ఇసుక కుండలో వడగట్టేవాళ్లట. మురుగును కూడా అలాగే వడగట్టి చూద్దామంది. బాపు కోపమంతా ఆ గుంత మీద చూపించాడు.

గుంతలో కంకర, దాని మీద ఇసుక పోశారు. కొద్దిరోజులు బాగానే నడిచింది. తర్వాత సబ్బు తెట్టు, నూనె జిడ్డు పేరుకుని ఇసుక మూసుకుపోయింది. మురుగు మళ్లీ పొంగింది, జనం నవ్వారు. మోచేతుల దాకా బురదతో జిడ్డు గీకుతున్న ఆమెను చూసి నాకు ఏడుపొచ్చింది. "ఇడిసిపెడ్తవా ఖాలా?" అని అడిగాను.

"ఒక్క రొట్టె మాడిందని పొయ్యి ఆర్పుకుంటమా బిడ్డా?"

ఈసారి ఇసుక గుంతకు ముందు ఇంకో గుంత తవ్వించింది. మడ్డి అందులో అడుక్కు దిగాకే నీళ్లు ఇసుకలోకి వెళ్లాలి. చివర వెడల్పాటి మడి చేసి వాగు ఒడ్డు తుంగ నాటించింది. విషయం తెలిసి కింది వాడ ఆడవాళ్లు కూడా తట్టలతో కంకర మోసుకొచ్చారు. మడ్డి ఎత్తడానికి రెండు వాడలూ వంతులు వేసుకున్నాయి.

తుంగ వేళ్లూనుకున్నాక, ఒక పొద్దున అందరూ చూస్తుండగా ఖాలా పండుగకు దాచుకున్న తెల్ల దుపట్టా తెచ్చి, మడి దాటి వస్తున్న నీళ్లలో ముంచింది. పిండి, దులిపి, పైకెత్తి పట్టుకుంది. మల్లెపువ్వులా ఉంది! వాడంతా కేకలు. జబ్బు నయమై మంచం దిగిన నా నేస్తం అందరికంటే గట్టిగా అరిచింది.

"జర ఆగుండ్రి. గివి తాగే నీళ్లు గావు, చెట్ల నీళ్లు" అంటూనే ఖాలా నవ్వింది. కాలువను బావికి దూరంగా, కింది వాడ అరటి మొక్కల వైపు మళ్లించారు. మోరీకి రాళ్లు పెట్టిన పెద్దల్లో ఒకాయనే వంగి వాటిని తీశాడు. మా బాపు వెళ్లి రాయికి అవతలి కొస పట్టుకున్నాడు.

చాలా ఏళ్ల తర్వాత మా ఊరికి మురుగునీటి శుద్ధి కేంద్రం వస్తుందంటే, ప్రతి వాడా "మా దిక్కు వద్దు" అంది. ఆ సభలో నేను లేచి "మా దిక్కే కట్టుండ్రి" అన్నాను. మా వాడ చివరే కట్టారు. ఇవాళ ఆ నీళ్లతో రోడ్డు పొడవునా చెట్లు నీడనిస్తున్నాయి. ఈ వయసులోనూ బకెట్ నీళ్లు వంపేముందు, అవి పారే దారిలో ఎవరి ఇల్లుందో చూసుకుంటాను.