గీకిన చోటు

ఆ ఉదయం పోటీలో విరిగిన నా చెక్క విల్లును ఒళ్లో పెట్టుకుని ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను. దాన్ని చేసిచ్చిన మా సారు అందరి ముందూ అరిచిన మాట ఇంకా చెవుల్లోనే ఉంది: "చెప్పినదానికన్నా ఎక్కువ లాగితే ఇరగక ఏమైతాదిరా?"

పక్క సీట్లో పనిముట్ల సంచితో కూర్చున్న ముసలి వడ్రంగి ఆ ముక్కలను అడిగి తీసుకున్నాడు. పిడి దగ్గర మొదలుపెట్టి కొస వైపు బొటనవేలు నడిపి, విరిగిన చోట ఆపాడు.

"పిడి నుంచి కొస దాకా కొంచెం కొంచెంగా సన్నబడుతా పోవాలప్పా. అప్పుడు బద్దంతా కలిసి వంగుతాది. ఈడ ఒక్క తావే గీకి పలచన చేసినారు. ఒత్తిడంతా ఈడనే పడింది. నువ్వు మెల్లగా లాగినా ఇరిగేదే."

"నిన్న మా సారే గీకినారు, లాగను తేలికవుతాదని," అన్నాను.

"అట్లయితే ఆయప్పకు చూడంగానే తెలిసుంటాదిలే," అని ముక్కలు నా ఒళ్లో పెట్టి కిటికీ వైపు తిరిగాడు. ఆయన పేరు అడగాలని కూడా తోచలేదు.

అరవడానికి ముందు సారు ఆ ముక్కలను ఎత్తి, సరిగ్గా ఆ చోటే బొటనవేలితో తడిమి చూశారు. నేను ఆయన కాళ్లు పట్టుకుని క్షమించమన్నది ఆ తర్వాత.