చీమల మందు మర్యాద

ఉదయం ఆరున్నరకి రాజమండ్రిలో బస్సెక్కాను. వారం కిందట కొత్తపేట దగ్గర ఒక అరటితోటలో పాతి వచ్చిన పురుగుల్ని ఇవాళ తవ్వి చూడాలి. వేర్లను పాడుచేసే నులిపురుగులు రైతులందరికీ తెలుసు. వాటి జాతిలోనే చీడపురుగుల్ని చంపేవి కొన్ని మట్టిలో ఉంటాయి, కంటికి ఆనవు. అవి ఉన్నదీ లేనిదీ తెలియాలంటే తేనెపట్టుని తినే మైనపు పురుగుల్ని జాలీ డబ్బాల్లో ఎరగా పాతాలి. ఎర చచ్చి ఇటుక రంగుకి తిరిగితే మన నేస్తాలు అక్కడున్నట్టే.

జొన్నాడ దాటి వంతెన ఎక్కుతుంటే పక్క సీటాయన నా ఒళ్లో పెట్టె చూసి, "పూతరేకులాండీ?" అన్నారు.

"ఖాళీదేనండీ. తిరిగొచ్చేటప్పుడు చచ్చిన పురుగులుంటాయి."

"ఆయ్" అని కిటికీ వైపు జరిగి కూర్చున్నారు.

రావులపాలెంలో ఇడ్లీ తిని, గెలల లారీల మధ్య నుంచి ఆటో పట్టుకుని తొమ్మిదింటికి తోట చేరాను. తోట సత్యవతిగారిది. దుంపని తొలిచే ముక్కుపురుగు పట్టి, గెల వేసిన చెట్లు మొదలంటా కూలిపోతున్నాయి. పురుగుమందుల కొట్లో విషపు గుళికలు వేయమన్నారట. తాగేది తోటలోని బోరు నీళ్లే కనుక ఆవిడకి భయం. నా డబ్బాల కోసమే ఆగారు. వాటిలో ఏమీ లేకపోతే ఇక గుళికలే గతి.

మొదటి డబ్బా తవ్వాను. పురుగులు నల్లబడి కుళ్లు కంపు కొడుతున్నాయి. మిగతావీ అంతే. మట్టి మీద తెల్లటి పొడి కనిపించింది.

"ఇదేమిటి చెల్లెమ్మా?"

"చీమల మందు అన్నయ్యగారూ. మా తోటకొచ్చిన మీ పురుగుల్ని చీమలు పీక్కుతింటే మాకు మాటొస్తుంది కదండీ. దగ్గరుండి నేనే జల్లేనండీ."

ముందు కోపం వచ్చింది. ఆవిడ మొహం చూశాక నవ్వొచ్చింది. తరువాత నిజంగానే దిగులేసింది. ఎర పొడికే చచ్చింది, ఇక మట్టిలో నేస్తాలున్నదీ లేనిదీ తేలదు.

అప్పుడు గుర్తొచ్చింది, తోటలోనే ఉన్న వాళ్లింటి పెరట్లో అంట్లు తోమిన నీళ్లు పారే కాలవగట్టు. "ఆ బురదలోకి మీరెందుకండీ" అని పోయినసారి ఆవిడ వారిస్తూనే ఉన్నా, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లినప్పుడు అక్కడా ఒక డబ్బా పాతాను. ఆవిడకి తెలియదు కనుక దానికి మర్యాద జరగలేదు.

తవ్వాను. పురుగులు మెత్తగా, ఏ కంపూ లేకుండా, ఎర్రటి ఇటుక రంగులో ఉన్నాయి.

"దొరికినట్టే చెల్లెమ్మా! ల్యాబులో చూసి, పెంచి తెస్తాను. అందాకా గుళికలు వద్దు."

"ఆయ్" అని కళ్లు తుడుచుకున్నారు. "అవి వచ్చేసరికి మేమేం సిద్ధం చెయ్యాలండీ?" అన్నారు.

"ఏమీ వద్దు. పొడి జల్లకుండా ఉంటే చాలు."

"మరీ అంత ఊరికేనాండీ?" అని చిన్నబుచ్చుకున్నారు.

మధ్యాహ్నం తిరుగు బస్సులో ఒళ్లో పెట్టె, పెట్టె మీద ఆవిడ బలవంతాన ఇచ్చిన చక్కెరకేళీలు. కోనసీమ మట్టిలో వెతికింది దొరికింది. ఇంటికొచ్చినవాళ్లని ఊరికే వదిలేయమని అక్కడివాళ్లకి చెప్పడమే కష్టమనిపించింది.

వంతెన మీద ఉండగా ఆవిడే ఫోన్ చేశారు.

"అన్నయ్యగారూ, పోనీ అవొచ్చేక కాసిని మంచినీళ్లైనా ఇవ్వచ్చాండీ?"

తడి లేకపోతే అవి బతకవు. ఆ సంగతి చెప్పడం నేనే మరిచాను.

"ఇవ్వండి చెల్లెమ్మా," అన్నాను. "తప్పకుండా ఇవ్వండి."