ఫ్యాను ఆపి చెప్పిన పాఠాలు

మా తెలుగు అయ్యవారు పోయిన వారం బుధవారం హోసూరు ఆసుపత్రిలో చనిపోయారు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

తమిళనాడు సరిహద్దులోని అత్తిముగం దగ్గరి బడిలో నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆయన రిటైరయ్యాక అక్కడికి ఇంకో తెలుగు టీచరును వేయలేదు. అడిగి అడిగి విసిగిపోయి, పాఠాలన్నీ కంప్యూటరులో రికార్డు చేసి ఇస్తానన్నారు. విద్యాశాఖ అధికారి సరేనన్నాడు.

ఆయన ఇంటి పక్కనే లేతు వర్క్‌షాపు, రోజంతా ఇనుము కోసే రొద. రికార్డింగుకు సాయం పోయిన నేను మైకును సీపీయూ ఫ్యాను చప్పుడుకు దూరంగా జరిపాను. గోడలకు కంబళ్లు కట్టాము. రొదను తీసేసే సాఫ్ట్‌వేరు కూడా నేర్పించాను. అది రొదతో పాటు గొంతునూ కోసేసింది. డబ్బాలో నుంచి మాట్లాడినట్టు వచ్చింది. ఆయన నవ్వారు.

"ముప్పై ఏండ్లు పిల్లకాయల గలాటా అణిచినోణ్ణప్పా. వచ్చిన రొదను తీసేది కాదు, రానీకుండా చూసుకోవాల."

అప్పటి నుంచి వర్క్‌షాపు మూసే ఆదివారాల్లోనే, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి చదివారు. చొక్కా తడిసి వీపుకు అంటుకునేది. మధ్యలో దగ్గొస్తే ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి.

నలభై పాఠాలు ఇస్తే, "వెనక శబ్దాలున్నాయి, పనికిరావు" అని అధికారి ఆఫీసు నుంచి తిప్పి పంపారు.

"ఇంక ఇడిసిపెట్టండి ఐవోరా!" అని అరిచాను.

"కోపం నువ్వు పెట్టుకోప్పా. పిల్లకాయలకు పాఠం కావాల కదా," అన్నారు.

ఎండలు ముదిరినా మళ్లీ మొదలుపెట్టారు. మూడో ఆదివారం ఎంతకీ బయటికి రాలేదని ఆయన భార్య తలుపు తీస్తే, చెమటతో తడిసి బల్ల మీద ఒరిగి ఉన్నారు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కళ్లు తెరవలేదు.

సంతాప సభకు అధికారి పూలదండతో వచ్చి, మాతృభాషకు ఆయన చేసిన సేవ గురించి మాట్లాడాడు. అందరి ముందే అడిగాను. "ఆ నలభై పాఠాలూ విన్నారా సార్?"

"టైము యాడుందప్పా? మొదటి దాంట్లో కాకి అరిచింది. ఆడికే ఆపేసినాను."

మైకు అతని చేతిలో నుంచి లాక్కున్నాను. స్విచ్చి ఆపి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

సోమవారం ఆ తిప్పి పంపిన పాఠాలనే బడికి తీసుకుపోయాను. హెడ్‌మిస్ట్రెస్ ఎవరినీ అడగకుండా తరగతిలో పెట్టించింది. "ఇప్పుడు ఒకరు లేచి ఈ పద్యం చదవండి," అంది అయ్యవారి గొంతు. ముందు వరసలోని పాప లేచి, తడబడకుండా చదివింది. పాఠం ముందుకు సాగిపోయింది. కూర్చోమని ఎవరూ చెప్పలేదు కదా, ఆ పాప పుస్తకం పట్టుకుని అలాగే నిలబడి ఉంది.