కింది వాటా ఇనుప మంచం

వెర్నా యాస్కుల్స్కీ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. రేడియోలో వాన పడదన్నారంటే గొడుగు తీసుకునే బయలుదేరుతుంది. కాగితం మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి, మేనేజరు నవ్విన ప్రతిరోజూ, ఉద్యోగం పోతుందేమోనని తన బల్ల సర్దుకుని కూర్చునేదట.

ఆమె ఇంటి కింది వాటాలో ఇరవై రెండేళ్ళుగా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్ళే అద్దెకుంటున్నారు. పెద్ద పేరున్న వాళ్ళు కాదు. ముందు వరసలో ఎవరికైనా దెబ్బ తగిలితే బదులుగా దిగి, ఎదుటి వాళ్ళను ఒళ్ళొడ్డి ఆపే భారీ మనుషులు. బజారు మంచాలు వాళ్ళ కింద నిలవవు. అందుకని ఆమె మొగుడు బతికుండగా ఇనుప కమ్ములతో ఒక మంచం కట్టించాడు. జట్టు ఆఫీసు వాళ్ళకి ఆ మంచం సంగతి బాగా తెలుసు.

ఇప్పుడు ఆ వాటాలో ఉన్నవాడు టెవిటా. టోంగా దీవుల పిల్లవాడు, మూడు వందల అయిదు పౌండ్ల బరువు, గొంతు మాత్రం పావురం గొంతు. రెండేళ్ళలో ఆమె వాకిట్లో మంచు ఒక్కసారి కూడా ఆమెను తియ్యనివ్వలేదు.

సోమవారం పొద్దున రేడియో చెప్పింది: జట్టు ఒర్లాండస్ బ్రూవర్‌ని తీసుకుంది. ముందు వరసకి బదులు ఆటగాడు. వెర్నా కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. ఒకడు వచ్చాడంటే ఆ చోటున ఉన్న ఒకడు పోవాలి, అంటే టెవిటా. ఆట లేని మంగళవారమే పిలిచి పంపించేస్తారు.

మధ్యాహ్నం దాకా టీవీలో బ్రూవర్ పాత ఆటలు మూడు పెట్టుకుని చూసింది. ముప్ఫై ఏళ్ళవాడు. మూడు జట్లు వద్దని పంపేసినవాడు. బంతి పట్టినవాడిని ఒక్కసారి కూడా పడగొట్టలేదు. కదలకుండా నిలబడ్డాడు. దీనికోసమా నా పిల్లవాణ్ణి పంపేది అని ఆమెకు ఒళ్ళు మండింది.

అప్పుడే ఫోన్ మోగింది. జట్టు ఆఫీసు నుంచి జెనెల్.

"వెర్నా గారూ, కింది వాటా బుధవారానికి ఖాళీ అవుతుందేమో అని..."

"ఎందుకవుతుంది? మనిషి ఉన్నాడు."

"అంటే... టెవిటాతో మాత్రం అనకండి, ప్లీజ్."

"ఖాళీ లేదు," అని వెర్నా ఠక్కున పెట్టేసింది.

మూడింటికి టెవిటా ప్రాక్టీసు నుంచి వచ్చిన చప్పుడు వినిపించింది. చెప్పాలా, మానాలా? చెబితే ఈ పూట ముద్ద మింగడు. చెప్పకపోతే రేపు ఆఫీసులో నలుగురి ముందు తెలుసుకుంటాడు. కోడి, కూరగాయలు వేసి మరిగించిన బూయా గిన్నె పట్టుకుని మెట్లు దిగింది.

తలుపు తీసే ఉంది. పరుపు గోడకి ఆనించి ఉంది. టెవిటా నేల మీద వెల్లకిలా పడుకుని పానా తిప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"బోల్టులు వదులయ్యాయి ఆంటీ. ఆయన నాకంటే పాతిక పౌండ్లు ఎక్కువ."

"ఎవరాయన?"

"బ్రూవర్. పొద్దున వార్త విన్నాను. జెనెల్ మీకు ఫోన్ చేసే ఉంటుంది కదా."

వెర్నా గిన్నె పట్టుకునే విరుచుకుపడింది. "ఏం చూసి తీసుకున్నారు వాణ్ణి? మూడు ఆటలు చూశాను. మేకు కొట్టినట్టు నిలబడ్డాడు."

"ఆయన్ని ఎంతమంది పట్టుకున్నారో చూశారా?"

"ఇద్దరు."

"ప్రతిసారీ ఇద్దరు. ఆ ఇద్దరూ ఆయన దగ్గరే చిక్కుకుంటే వెనకున్న మనవాడికి దారి ఖాళీ. పడగొట్టిన పేరు వెనకవాడిది." పానా ఆపాడు. "నన్ను ఒక్కడే ఆపేస్తున్నాడు ఆంటీ. ఎంపిక నా చేతిలో ఉన్నా ఆయన్నే తీసుకునేవాణ్ణి."

వెర్నాకి ఏడుపొచ్చింది. ఊళ్ళో అందరినీ అనుమానించింది గానీ, వీడికి ముందే తెలిసి ఉంటుందని ఆమెకు తోచనే లేదు.

"వాటా లేదన్నారా ఏంటి?" అన్నాడు వాడు ఆమె మొహం చూసి. "అలా అనకండి. హోటల్ మంచం మీద ఆయన నడుము పోతుంది."

ఆమె గిన్నె దించి, వాడు అవతలి బోల్టు బిగించేదాకా మంచం కోడు కదలకుండా పట్టుకుంది. తరవాత పైకెళ్ళి జెనెల్‌కి ఫోన్ చేసింది.

"బుధవారం నుంచి ఖాళీయే. మంచం గట్టిగా ఉంది, టెవిటా బిగించి వెళ్తున్నాడని ఆ వచ్చేవాడికి చెప్పు."