ముందుగా అడిగిన మజ్జిగ

నలిపిన దబ్బాకు వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు రూతమ్మగారు గుర్తొస్తారు. ఇవాళ పొద్దున్న ఆత్రేయపురంలో ఒకరింటి అరుగు మీద కూర్చుంటే ఇంటావిడ గ్లాసు నిండా మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. పైన దబ్బాకు ముక్కలు తేలుతున్నాయి. నాకు కళ్ళు చెమర్చాయి. రూతమ్మగారు మా బడి హెడ్‌మిస్ట్రెస్. సన్నటి మనిషి, నేత చీర, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. మాట మాత్రం మహా కటువు. ఆవిడ దగ్గర ఎనిమిదేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేశాను.

మూడేళ్ళ కిందట, నా నలభై ఆరో ఏట, అమలాపురంలో రక్తపరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ బాగా ఎక్కువుందన్నారు. "మూడు నెలలు తిండి మార్చండి, రోజూ నడవండి. అప్పటికీ తగ్గకపోతే మాత్ర మొదలుపెడదాం" అన్నారు డాక్టరుగారు. మాత్రంటే నాకు భయం లేదు. మా నాన్న నలభై ఎనిమిదో ఏట, కంచం ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే గుండె పట్టుకుని ఒరిగిపోయారు. నా భయమంతా అదే. ఆ వయసుకి నాకిక రెండేళ్ళే ఉన్నాయి.

ఇంట్లో మా ఆవిడ వేపుళ్ళు మానేసింది, కూరల్లో కొబ్బరి తగ్గించింది. చిక్కంతా బయటే వచ్చింది. బడిలో పిల్లల్ని చేర్పించడానికి మేం ఇల్లిల్లూ తిరగాలి. మా వైపు చాలా ఇళ్ళలో పూతరేకులు చుడతారు. గుమ్మంలో కాలు పెట్టగానే నెయ్యి కారుతున్న పూతరేకు చేతిలో పెడతారు. వద్దంటే ఊరుకుంటారా? "ఒక్కటి తినండి మాస్టారూ, మా మీద కోపమాండీ?" అంటారు. "ఆయ్" అని తినేవాణ్ణి. పక్కింట్లో తిని ఇక్కడ తినకపోతే ఈవిడ చిన్నబుచ్చుకోదూ? ఇక్కడా "ఆయ్". పదిళ్ళు తిరిగేసరికి పది పూతరేకులు. నా మొహమాటం మండిపోనూ!

మళ్ళీ పరీక్షకి వారం ఉందనగా అన్నం మానేసి ఉడికించిన ఆనపకాయ ముక్కలతో సరిపెట్టాను. నాలుగో రోజు స్టాఫ్ రూములో కళ్ళు తిరిగి బల్ల పట్టుకుంటే రూతమ్మగారు చూశారు. నాన్న పోయిన సంగతి ఆవిడకి ముందే తెలుసు. ఆనపకాయ సంగతి చెప్పాను, కాస్త గొప్పగానే.

"పరీక్షకి ముందు వారం బట్టీ పట్టే పిల్లల్ని తిట్టిపోసేది మీరే కదండీ?" అన్నారు.

"రిపోర్టు బాగుండాలి కదా మేడమ్."

"ఎవర్ని మోసం చేద్దామని? మీకు కావలసింది మంచి కాగితమా, మీ నాన్నగారు చూడని నలభై తొమ్మిదో ఏడా?"

ఏడ్చేశాను. అంత వయసొచ్చి, ఆవిడ ముందు! ఆవిడ ఓదార్చలేదు. "డాక్టరుగారితో ఉన్నదున్నట్టు చెప్పండి. రేపు బండి ఇంట్లో పెట్టేసి నాతో రండి" అన్నారంతే.

మర్నాడు కాలవ గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళాం. మొదటి ఇంట్లో ఇంటావిడ నోరు విప్పకముందే రూతమ్మగారు అందుకున్నారు. "అమ్మా, దాహమేస్తోంది. దబ్బాకు నలిపి మా ఇద్దరికీ పల్చటి మజ్జిగ ఇస్తావా?"

"అయ్యో, అంతకన్నానాండీ!" అంటూ ఆవిడ సంబరంగా పెరట్లోకి పరిగెత్తింది. పూతరేకుల ఊసే రాలేదు.

బయటికొచ్చాక అన్నారు: "పెట్టింది వద్దంటే మనసు కష్టపెట్టుకుంటారండీ. మనమే ముందు ఏదో ఒకటి అడిగి పుచ్చుకుంటే వాళ్ళకీ తృప్తి. ఇరవై ఏళ్ళ నుంచీ నా షుగరుతో ఇలాగే నెట్టుకొస్తున్నాను. ఎవరైనా కనిపెట్టేరా?"

నేనూ కనిపెట్టలేదు. ఎనిమిదేళ్ళు పక్కనే ఉండి!

డాక్టరుగారు నా వారం రోజుల బాగోతం విని నవ్వారు. మళ్ళీ మూడు నెలలు గడువిచ్చారు. కాలవ గట్టే నా దారైంది. కంచంలో అన్నం తగ్గి కూర పెరిగింది, చేప వేపుడు పోయి పులుసు వచ్చింది. పూతరేకు పండక్కి ఒకటి, అంతే. గడువు తీరాక డాక్టరుగారు రిపోర్టు చూసి "ప్రస్తుతానికి మాత్ర అక్కర్లేదు. ఇలాగే ఉండండి, పరీక్షలు మాత్రం మానకండి" అన్నారు. అమ్మయ్య! కాగితం పట్టుకుని రూతమ్మగారి దగ్గరకి పరిగెత్తితే, ఆవిడ దాన్ని విప్పనైనా విప్పలేదు.

"నిన్నేం తిన్నారు?" అన్నారు.

చెప్పాను.

"సరే, పదండి, బెల్లు కొట్టేరు." ఆవిడ మెచ్చుకోలు అలాగే ఉండేది.

రిటైరయ్యాక ఆవిడ కపిలేశ్వరపురంలో అన్నగారింటికి వెళ్ళిపోయారు. కిందటేడు కాలం చేశారు. ఇవాళ్టితో నాకు నలభై తొమ్మిదో ఏడు వచ్చిందని ముందుగా చెప్పాలనుకున్నది ఆవిడకే. చెప్పడానికి లేక, పొద్దున్నే కాలవ గట్టున నడిచొచ్చి, ఈ అరుగు మీద కూర్చుని, ఇంటావిడ అడక్కముందే మజ్జిగ అడిగాను.

గ్లాసు ఖాళీ అయింది.

"ఇంకాస్త పొయ్యమంటారా మాస్టారూ?"

"ఆయ్, పొయ్యండమ్మా" అన్నాను.