పెంచలాచారి కొలవని రాయి

చిల్లకూరు చుట్టుపక్కల ఏ ఇంట్లో తిరగలి తిరిగినా దాని కింద మా పెంచలాచారి చేసిన పీట ఉండాల్సిందే. మందపాటి చింత పలకలో పళ్లెంలాగా లోతులేని, వెడల్పాటి గుంట తీసేవాడు. అందులో తిరగలి రాయి కూర్చుంటుంది. చుట్టూ రెండు వేళ్ల సందులో పిండి పడుతుంది, నేలపాలు కాదు. ఈమాత్రానికే గర్వంతో ఆయన నడక మారిపోయిందంటే నమ్మండి.

రాయి చూడనిదే ఉలి పట్టేవాడు కాదు. పీట కావలసినవాళ్లు రాయిని బండిలో వేసుకుని రావాలి. దాన్ని దారంతో కొలిచి, పలక మధ్యలో మేకు కొట్టి, దారం కొసన బొగ్గు కట్టి గీత తిప్పేవాడు. పని అయ్యాక గుంటలో చెంబెడు నీళ్లు పోసి, అవి అంతటా సమంగా నిలిచాయని నలుగురికీ చూపించేవాడు. ఒకసారి పెద్దరైతు రమణయ్య గారు రాయి తేకుండా వచ్చి, జానెడున్నర ఉంటుందిలే అన్నారు.

"మీ ఇంటి రాయి మీకే తెలవకపోతే నాకేం తెలస్తాది? పోయి తీసకరాండి" అని తిప్పి పంపించాడు.

ఇంతటివాడి ఇంట్లో తిరగలి మాత్రం గోనెపట్టా మీదే ఉండేది. భార్య ఆదిశేషమ్మ కాపురానికి వచ్చిన ఏడాదే పీట అడిగింది. ఈ కోతలు కానీ అన్నాడు. కోతలు ఇరవైసార్లు అయ్యాయి. ఆమె పిండిలోంచి గోనె పీచూ ఇసుకా జల్లించుకుంటూనే ఉంది. "నీకేమక్కా, ఆచారి పెళ్లానివి" అని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్లు మండేది. చివరికి అడగడం మానేసింది. పీడా పోయిందనుకున్నాడాయన.

అరవై రెండులో గూడూరు రోడ్డు మీద పిండిమర వచ్చింది. పీటలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. చేతులు ఖాళీ అయ్యాక ఆయనకు భార్య గుర్తొచ్చింది. ఆమె కృష్ణపట్నంలో పుట్టింటికి వెళ్లిన నాలుగు రోజుల్లో గుట్టుగా పీట చేశాడు. రాయి కొలవలేదు. ఇరవై ఏళ్లుగా ఇంట్లో ఉన్న రాయిని కొలవడం ఆయనకు నామోషీ.

ఆమె తిరిగొచ్చిన పొద్దున పీటను అరుగు మీద పెట్టి నీళ్లు పోశాడు. పదిమంది చేరారు, రమణయ్య గారితో సహా. నీళ్లు వంపేశాక ఇద్దరు తిరగలి రాయిని మోసుకొచ్చి గుంటలో దించబోయారు. పిండి సందు మాట దేవుడెరుగు, రాయే దిగలేదు. అంచుల మీదికెక్కి కూర్చుంది.

"రాయి పెరిగినాదా ఏంది?" అన్నాడు ఆచారి.

"నువ్వనుకునేది నా పెళ్లినాటి రాయి" అంది ఆదిశేషమ్మ. "అది పగిలి తొమ్మిదేండ్లయింది. ఇది మా అన్న తెచ్చినాడు. ఆపొద్దు బండిలోంచి నువ్వే గదయ్యా ఒక చెయ్యేసి దించినావు."

రమణయ్య గారు నోరు తెరిచారు. పాత మాట అప్పజెప్పాలని ఎంత ఉబలాటమో! ఆదిశేషమ్మ చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నారు. ఆచారి మాత్రం తల ఎత్తలేదు. అంత సిగ్గుపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.

గుంట పెంచుదామంటే అంచున కొయ్య మిగల్లేదు. మర్నాడు కొత్త పలక తీసి, దారం పట్టుకుని తానే లోపలికి వెళ్లాడు. ఆమె కందులు విసురుతోంది.

"కొంచెం ఆపు. రాయి కొలవాల."

"ఇవి కానీ" అంది.

ఆయన దారం పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. చాటలో కందులు అయిపోవస్తే, ఆమె లేచి వెళ్లి మరో రెండు శేర్లు తెచ్చి పోసుకుంది.