కిటికీలు గిట్టని మావయ్య

మా మావయ్య పోయినప్పుడు పత్రికల్లో చాలా రాశారు. గోడలకు మౌనం నేర్పినవాడన్నారు. గోడలు ఎప్పుడు మాట్లాడాయో నాకు తెలియదు గానీ, ఆయన కట్టించిన ఇళ్ళలో బతికినవాళ్ళం మాత్రం చాలానే మాట్లాడుకున్నాం.

ఆర్కిటెక్టు చదువు చదివే రోజుల్లో, కాలేజీ వెనక షెడ్డులో చెక్క అచ్చులు వేయడం నేర్చుకున్నాడు. చదునైన చెక్క మీద ఉలితో బొమ్మ చెక్కి, రోలరుతో నల్ల సిరా పూసి, పల్చటి కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్దడం. ఉలి తగిలిన చోటు తెల్లగా మిగులుతుంది, తగలని చోటు నల్లగా పడుతుంది. చెంచా మా అమ్మ వంటింటిది. ఆయన అడిగి తీసుకున్న వస్తువంటూ ఈ భూమ్మీద లేదు.

మొదటి కాగితం ఎత్తి చూసుకున్నప్పుడు, వాన వెలిసిన రాత్రిలాంటి ఆ నలుపు మీద ఆయన మనసు పడింది. పడితే పడింది. ఊరందరినీ తెచ్చి అందులో కాపురం పెట్టించాలా?

ఇల్లు కట్టించమని ఎవరొచ్చినా ముందు అచ్చు, తర్వాతే ప్లాను. ఆ ఇల్లు ఎదుటి వీధిలోంచి ఎలా కనిపించాలో చెక్కలో చెక్కుకుని, అది నచ్చాకే కొలతలకు దిగేవాడు. కిటికీ అంటే చెక్కకు ఒక గాటు, నలుపుకు ఒక చిల్లు. అందుకని వీలైనంత వరకూ ఉలి పెట్టేవాడు కాదు. అలా లేచిన గ్రంథాలయంలో పట్టపగలు లైట్లేసుకుని చదువుకుంటారు. పళ్ళ డాక్టరుగారికి రోగి నోట్లో చీకటి చాలదన్నట్టు గదినిండా చీకటి. బయటినుంచి చూస్తే మాత్రం సాయంత్రాలు ఆ గోడలకు ఆకాశం తల ఆనించి కునుకు తీస్తున్నట్టుండేది. అందంగా ఉండేదని ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ కష్టం. వీధిలో ఆయన్ని గోడల దొర అనేవాళ్ళు. అది పొగడ్త అనుకునేవాడు పాపం.

పెళ్ళి కాలేదు. ఒక సంబంధం దాదాపు కుదిరింది. ఆ అమ్మాయి ఆయన గదిలోకి వచ్చి అడిగిన మొదటి మాట, "గాలి ఎటునుంచి వస్తుందండీ?" రెండో మాట దాకా రాలేదు వ్యవహారం.

మా ఇల్లూ ఆయన కట్టించిందే. అమ్మకు తమ్ముడి మీద నమ్మకం, నాన్నకు అమ్మ మీద నమ్మకం. అమ్మ కోట్లు కుడుతుంది. కుట్టుమిషను ముందుగదిలో, వీధివైపు గోడ పక్కన ఉంటుంది. అచ్చులో ఆ గోడ నిండు నలుపు. ఆ అచ్చుకు బహుమతి కూడా వచ్చింది. గోడకు అవతల ఎండ కాచి కాచి వెళ్ళిపోయేది. ఇవతల అమ్మ బల్బు కింద తల వంచి, నల్ల గుడ్డలో నల్ల దారం వెతుక్కునేది. చివరికి చూపు మసకబారింది. పగటి వెలుతురులో కుట్టుకోకపోతే ఈ పని మానుకోవాల్సిందేనని కళ్ళ డాక్టరు తేల్చేశాడు.

"ఒరేయ్, ఈ గోడకు ఒక్క కిటికీ పెట్టరా," అంది అమ్మ.

"ఆ గోడ జోలికి రాకక్కా. దాన్ని చూడ్డానికి జనం ఆగుతున్నారు."

"ఆగనీరా. మొన్న లాయరుగారి నల్లకోటు నీలం దారంతో కుట్టిచ్చాను. పాపం కోర్టులో చూసుకున్నాడాయన."

"పెద్ద బల్బు పెట్టుకో. ఇల్లనేది లోపలున్నవాళ్ళు చూసేది కాదు, ఎదురింటివాళ్ళు చూసేది."

"అయితే నా కోట్లు కూడా ఎదురింటావిడ చేతే కుట్టించరా!"

ఆయనకు నవ్వు రాలేదు. ఎప్పుడూ వచ్చేది కాదు. తను బతికుండగా ఆ గోడకు గాటు పడదని చెప్పి, ఏదో ప్రదర్శనకని ఊరెళ్ళాడు.

అమ్మ మేస్త్రీని పిలిపించింది.

"దొరగారు నన్నింక పనిలోకి పిలవరమ్మా," అని నసిగాడతను.

"వాడికి నడక నేర్పింది నేనేనయ్యా. కొట్టు."

మిషను ముందు కూర్చుని, చెయ్యి చాచి, సుద్దముక్కతో గోడ మీద నాలుగు గీతలు తనే గీసింది. సాయంత్రానికి ఇటుకలు ఊడాయి. దుమ్ములోంచి ఎండ ఏ మొహమాటమూ లేకుండా లోపలికొచ్చి సూది మీద కూర్చుంది.

మావయ్య తిరిగొచ్చి, ఎదుటి వీధిలో చాలాసేపు నిలబడి, గడప తొక్కకుండానే వెళ్ళిపోయాడు. తర్వాత నెలల తరబడి మాతో మాట్లాడలేదు. ఆ నెలలు హాయిగా గడిచాయి.

ఆ తర్వాత ఆయన కొత్త అచ్చుల ప్రదర్శనకు పిలుపొచ్చింది. వెళ్ళాం. హాలు మధ్యలో మా ఇల్లు, నిండు నలుపులో చిన్న తెల్లటి చదరం. చుట్టూ మూగిన వాళ్ళకు ఆయన గొంతు తగ్గించి చెబుతున్నాడు, "ఈ ఒక్క గాటు కోసం ఏళ్ళ తరబడి తపించాను." ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

అమ్మ అద్దాలు సర్దుకుని, దగ్గరికెళ్ళి చూసింది.

"ఒరేయ్, కిటికీ ఇటు జరిపావేంట్రా? ఇక్కడుంటే వెలుతురు మంచం మీద పడుతుంది, మిషను మీద కాదు."

"బొమ్మకు అక్కడే బాగుంటుందక్కా."

"బొమ్మకేం, అదేమన్నా కాజాలు కుట్టుకోవాలా?" అని, ఎండ పోయేలోగా ఇంటికి చేరాలని గబగబా మెట్లు దిగింది.